విశాఖలో పాత మారుతి 800ని సిద్ధం చేసుకోవడం: తుప్పు నుంచి ట్యూనింగ్ దాకా

కార్బొరేటర్ (గాలినీ పెట్రోలునీ కలిపి ఇంజనుకి పంపే పాతకాలం పరికరం) ఉన్న మారుతి 800 ఒకటి కొని, దాన్ని మళ్లీ నిలబెట్టి, కాస్త పికప్ పెంచి, అరకు ఘాట్ ఎక్కించాలని మన ఊళ్లో చాలామందికి ఉంటుంది. మంచి కోరికే. 1983 డిసెంబరులో రోడ్డెక్కి 2014 జనవరి దాకా తయారైన బండి అది. 796 సీసీ, మూడు సిలిండర్లు. బానెట్ ఎత్తితే చెయ్యి పెట్టడానికి చోటుంటుంది, స్పేర్లు ఇప్పటికీ దొరుకుతాయి.

చిక్కల్లా ఏమిటంటే చాలామంది తలకిందులుగా మొదలుపెడతారు. ముందు ఫ్రీ ఫ్లో సైలెన్సర్, తర్వాత అల్లాయ్ వీల్స్, తర్వాత స్టిక్కర్లు. ఆఖరికి ఒకరోజు క్లచ్ పెడల్ కింద ఫ్లోర్ ఊడి రోడ్డు కనపడుతుంది. హైదరాబాదులో ఆ వరస కొన్నేళ్లు సాగుతుందేమో గానీ ఇక్కడ సాగదు. ఇటు సముద్రం బాడీని తింటుంది, అటు అరకు వెళ్లే దారిలోని అనంతగిరి ఘాట్ కూలింగ్‌నీ బ్రేకుల్నీ పట్టి చూస్తుంది. అందుకని విశాఖలో వరస ఇలా ఉండాలి: బాడీ, కాగితాలు, కూలింగ్, బ్రేకులు. ఇంజను ట్యూనింగ్ వాటి తర్వాతే.

1. కొనేముందు కార్పెట్ ఎత్తండి

బండి చూడ్డానికి పొద్దున్నే వెళ్లండి. "నేను వచ్చేదాకా స్టార్ట్ చెయ్యకండి" అని ముందే ఫోన్లో చెప్పండి. వెళ్లగానే బానెట్ మీద చెయ్యి పెట్టండి. వెచ్చగా ఉంటే స్టార్టింగ్ ట్రబుల్ దాస్తున్నారేమోనని అనుమానించాలి. స్టార్ట్ చేశాక నీలం పొగ వస్తే ఆయిల్ తాగుతోంది. చల్లని ఇంజను నుంచి మొదట్లో కాస్త తెల్ల ఆవిరి మామూలే. ఇంజను వేడెక్కాక కూడా తగ్గకపోతే హెడ్ గ్యాస్కెట్ చూపించాలి. ఇంజను గురించి ఈ దశలో ఇంత చాలు. ఇంజనుని ఎప్పుడైనా బాగుచేయించుకోవచ్చు, కుళ్లిన బాడీతో మాత్రం తంటా.

బండిని ఇన్నాళ్లూ ఎక్కడ పార్క్ చేశారో అడగండి. లాసన్స్‌బే కాలనీలోనో బీచ్ రోడ్డు అపార్ట్‌మెంట్ కిందో ఉన్న బండికీ, పెందుర్తిలోనో కొత్తవలసలోనో ఉన్న బండికీ చాలా తేడా ఉంటుంది. గాలిలో తేమ 75 శాతం దాటితే రేకు మీద పేరుకున్న ఉప్పు తనంతట తానే నీళ్లు లాక్కుని కరుగుతుంది. విశాఖలో చాలా రాత్రులు తేమ అంతకు మించే ఉంటుంది. చినుకు పడకపోయినా రేకు రాత్రంతా ఉప్పునీళ్లతో తడిసి ఉన్నట్టే. పెయింటు గట్టిగా ఉన్నచోట ఆ ఉప్పుతడి పప్పులుడకవు. రెండు రేకులు అతికిన సందుల్లో దూరి లోపల్నుంచి తినేస్తుంది. జ్ఞానాపురం, పాతబస్తీ వైపు బండ్లకైతే పోర్టు ధూళి అదనం. అది తడితో కలిసి నీళ్లు పోయే రంధ్రాల్లో గట్టిపడి కూర్చుంటుంది.

ఒక టార్చి, ఫ్రిజ్ డోర్‌కి అంటించే అయస్కాంతం ఒకటి, ఒక స్క్రూడ్రైవరు, పాత చాప తీసుకెళ్లండి. డ్రైవరు సీటు ముందు కార్పెట్ ఎత్తి ఫ్లోర్‌ని బొటనవేలితో గట్టిగా నొక్కండి. మంచి రేకు కదలదు. కుళ్లింది కరకరమంటూ లోపలికి పోతుంది. తర్వాత బ్యాటరీ ట్రే కింద, విండ్‌షీల్డ్ కింద నీళ్లు దిగే గాడి, డిక్కీలో స్టెప్నీ పెట్టే గుంట, వెనక చక్రాల ఆర్చీలు, తలుపుల కింది అంచులు. అన్నిటికంటే ముఖ్యం రన్నింగ్ బోర్డులు, అంటే తలుపుల కింద పొడుగ్గా ఉండే డబ్బా భాగం. చాప పరుచుకుని పడుకుని, స్క్రూడ్రైవరు పిడితో వాటిని వరసగా తట్టుకుంటూ పోండి. రేకు ఉన్నచోట ఖంగుమంటుంది, పుట్టీ ఉన్నచోట శబ్దం మొద్దుగా చచ్చిపోతుంది. అక్కడ అయస్కాంతాన్ని పల్చటి గుడ్డలో చుట్టి పెట్టి చూడండి. జారిపడితే కింద ఉన్నది పుట్టీయే. అలాంటి చోట్లు రెండు మూడయితే బేరమాడొచ్చు. రన్నింగ్ బోర్డు మొత్తం అలాగే ఉంటే టీ తాగి వచ్చెయ్యండి.

2014 అక్టోబరు 12 నాటికి బండి ఊళ్లోనే ఉందా అనీ అడగండి. ఆ రోజు వచ్చిన హుద్‌హుద్ తుఫానులో చెట్లు పడి నలిగిన కార్లు ఈ ఊళ్లో తక్కువేం కాదు. టాప్ రేకు, విండ్‌షీల్డ్ ఫ్రేము మూలల్లో తర్వాత వేసిన వెల్డింగ్ చారలు కనిపిస్తాయేమో చూడండి.

2. రేకు పని

గాజువాక ఆటోనగర్‌లో గానీ, మీకు తెలిసిన వేరే షెడ్డులో గానీ టింకరింగ్ మేస్త్రితో ముందే ఒక మాట అనుకోండి: తుప్పు పట్టిన రేకుని కోసి తీసేసి కొత్త రేకు వెల్డింగ్ చెయ్యాలి. పాతదాని మీద ముక్క వేసి పుట్టీ పెడితే ఆ రెండింటి మధ్య ఉప్పు, తేమ హాయిగా కాపురం పెడతాయి, మరుసటి వర్షాకాలానికి బుడగలు లేస్తాయి. గ్యాస్ వెల్డింగ్ కంటే సీఓటూ వెల్డింగ్ (కార్బన్ డయాక్సైడ్ వాయువు వదులుతూ తీగతో చేసేది) అయితే పల్చటి రేకు తక్కువ వంకర పోతుంది. పని మొదలుపెట్టే ముందు బ్యాటరీ వైరు తీసెయ్యాలి. వెనక భాగంలో వెల్డింగ్ ఉంటే పెట్రోల్ ట్యాంకు దించెయ్యాలి. ఈ రెండింటిలో రాజీ పడకండి.

వెల్డింగ్ అయిన గంటల్లోనే ప్రైమర్ పడాలి. కొత్త రేకుని రాత్రంతా వదిలేస్తే తెల్లారేసరికి ఎర్రటి పొర వచ్చేస్తుంది. బయట ఎపాక్సీ ప్రైమర్, అడుగున అండర్‌బాడీ కోటింగ్, రన్నింగ్ బోర్డుల లోపలికి గొట్టంతో కొట్టే మైనం స్ప్రే. వాడేసిన ఇంజన్ ఆయిల్ లోపల పోస్తే చాలని కొందరంటారు. పొయ్యకండి. అందులో ఆమ్లాలుంటాయి, రబ్బరు బుష్‌లూ పాడవుతాయి.

పెయింటింగ్ సంక్రాంతి దాటాక పెట్టుకోండి. తేమ ఎక్కువున్న రోజుల్లో కొడితే ఆరేటప్పుడు పెయింటు మీద తెల్లటి మసక కమ్ముతుంది, ఆ తర్వాత ఎంత పాలిష్ కొట్టినా ఆ మెరుపు రాదు.

కారు కవరు సంగతి కూడా ఇక్కడే చెప్పాలి. బీచ్ దగ్గరుండేవాళ్లకి కవరు మేలు కంటే కీడే ఎక్కువ చేస్తుంది. తడినీ ఉప్పునీ లోపలే బంధిస్తుంది. గాలి ఆడే నీడ దొరికితే కవరు వద్దు. బీచ్ రోడ్డులో తిరిగొచ్చాక పైన తుడవడం కంటే అడుగున మంచినీళ్ల పైపు పెట్టడం ముఖ్యం.

3. కాగితాలు

ఏపీ 31 నంబరున్న కార్బొరేటర్ బండి అంటే పదిహేనేళ్లు ఎప్పుడో దాటేసింది. ఆ తర్వాత రిజిస్ట్రేషన్ అయిదేళ్లకోసారి రెన్యువల్ చేయించాలి, దానికి ఫిట్‌నెస్ సర్టిఫికెట్ ఉండాలి. 2025 ఆగస్టులో ఇరవై ఏళ్లు దాటిన కార్ల రెన్యువల్ ఫీజుని పదివేలు చేశారు. బేరమాడేటప్పుడు ఆ మొత్తం లెక్కలో వేసుకోండి. ఆర్సీ మీద ఇంజను నంబరు, ఛాసిస్ నంబరు బండి మీదున్న వాటితో కలుస్తున్నాయో లేదో మీ కళ్లతో చూశాకే అడ్వాన్సు ఇవ్వండి.

ఇక మార్పులు. మోటారు వాహనాల చట్టం సెక్షన్ 52 ప్రకారం, కంపెనీ ఇచ్చిన అసలు స్వరూపానికి భిన్నంగా బండి నిర్మాణాన్ని మార్చకూడదు. 2019 జనవరిలో సుప్రీంకోర్టూ అదే తేల్చింది. అదే ఏడాది వచ్చిన సవరణలో అనుమతి లేని ఒక్కో మార్పుకి 5,000 రూపాయల జరిమానా, లేదా ఆరు నెలల దాకా జైలు, లేదా రెండూ అని రాశారు. ఇంజను మార్చాలంటే ముందు రవాణా శాఖ అనుమతి కావాలి. రంగు మార్చుకోవచ్చు గానీ ఆర్సీలో ఎక్కించాలి. రూఫ్ కోయడం, ఛాసిస్ కోయడం, బుల్‌బార్లు, మ్యూజికల్ హారన్లు, చెవులు చిల్లులు పడే సైలెన్సర్లు మర్చిపోండి. ఇవి పెట్టుకున్న బండికి యాక్సిడెంటయితే ఇన్సూరెన్సు వాళ్లకి క్లెయిమ్ కాదనడానికి ఓ సాకు దొరుకుతుంది. సీట్లు, అప్‌హోల్‌స్టరీ, మ్యూజిక్ సిస్టం, మంచి రకం షాక్‌లు, బ్రేక్ లైనింగులు, జాగ్రత్తగా చేసిన ట్యూనింగ్: ఆడుకోవడానికి ఇంత మిగిలే ఉంది.

4. కూలింగ్

ఎస్.కోట, బొడ్డవర దాటాక ఘాట్ మొదలవుతుంది. నలుగురిని ఎక్కించుకుని, సెకండ్ గేర్లో, ఏప్రిల్ ఎండలో ఎక్కేటప్పుడు రేడియేటర్ జాతకం బయటపడుతుంది.

రేడియేటర్ విప్పించి లోపల రాడ్డింగ్ (గొట్టాల్లో సన్నటి కడ్డీ దూర్చి పేరుకున్నది తీయడం) చేయించండి. హోస్‌లన్నీ కొత్తవి వేయించండి. వాటర్ పంపు ఇరుసు ఊగుతోందేమో చూడండి. రేడియేటర్ మూత స్ప్రింగు, రబ్బరు బాగోలేకపోతే కొత్త మూత కొనండి. తక్కువ డబ్బుతో ఎక్కువ లాభం ఇక్కడే. లోపల కూలెంట్ పొయ్యాలి. తీరం దగ్గర బోరు నీళ్లు చాలాచోట్ల ఉప్పగా ఉంటాయి, అవి పోస్తే అల్యూమినియం హెడ్‌ని నెమ్మదిగా తినేస్తాయి.

ఈ పని జరుగుతుండగా ఎవరో ఒక మేస్త్రి తప్పకుండా అంటాడు: "బాబూ, ఆ తర్మోస్టాట్ పీకేద్దాం, బండి చల్లగా ఉంటాది." వద్దని మర్యాదగా చెప్పండి. తర్మోస్టాట్ అంటే ఇంజను వేడెక్కేదాకా నీళ్లని రేడియేటర్‌కి పోనివ్వని వాల్వు. అది తీసేస్తే ఇంజను వేడెక్కాల్సినంత వేడెక్కదు. పెట్రోలు సరిగ్గా ఆవిరి కాదు, మైలేజీ పడిపోతుంది, సిలిండర్ గోడలు త్వరగా అరుగుతాయి. పైగా తర్వాత చేసే కార్బొరేటర్ సెట్టింగు అంతా తప్పుతుంది. పాతది పాడైందని అనుమానముంటే వేడినీళ్ల గిన్నెలో వేసి తెరుచుకుంటోందో లేదో చూసి, లేకపోతే కొత్తది వెయ్యండి.

5. బ్రేకులు

ఎక్కేటప్పుడు రేడియేటర్‌కి ఎంత కష్టమో దిగేటప్పుడు బ్రేకులకి అంత. బ్రేక్ ఆయిల్ గాలిలోని తేమని పీల్చుకుంటుంది. డాట్ 3 రకం ఆయిల్ కొత్తగా ఉన్నప్పుడు కనీసం 205 డిగ్రీల దాకా మరగదు, తేమ పట్టాక ఆ హద్దు 140కి దిగిపోవచ్చు. డాట్ 4కి అవే అంకెలు 230, 155. ఘాట్ దిగుతూ అదే పనిగా బ్రేకు తొక్కితే పాత ఆయిల్ మరిగి, పెడల్ మెత్తగా నేలకి దిగిపోతుంది. మన ఊరి తేమకి ఏడాదికోసారి ఆయిల్ మార్చి నాలుగు చక్రాలూ బ్లీడింగ్ (బ్రేకు గొట్టాల్లో గాలి బయటికి తీయడం) చేయించండి. వీల్ సిలిండర్లలో రబ్బరు కిట్లు వేయించండి. దిగేటప్పుడు ఎక్కిన గేర్లోనే దిగండి. న్యూట్రల్‌లో దిగితే పెట్రోలు మిగులుతుందనే మాట వినకండి.

6. ఇప్పుడు ఇంజను

ముందు అంచనాలు సరిచేసుకుందాం. ఈ ఇంజను కొత్తలోనే 40 హార్స్‌పవర్ లోపు. ట్యూనింగ్ అంటే దాన్ని రేసు కారు చెయ్యడం కాదు. ఇన్నేళ్లలో పోగొట్టుకున్న గుర్రాల్ని వెనక్కి తేవడం. అది సరిగ్గా చేస్తే వచ్చే తేడాకే మీరు ఆశ్చర్యపోతారు.

మొదట కంప్రెషన్, అంటే సిలిండర్లలో ఒత్తిడి ఎంత వస్తోందో చూపించండి. మూడు స్పార్క్ ప్లగ్గులూ తీసి, యాక్సిలరేటర్ పూర్తిగా తొక్కి, గేజ్ పెట్టి సెల్ఫ్ కొట్టాలి. మూడు సిలిండర్ల మధ్య తేడా చదరపు సెంటీమీటరుకి ఒక కిలో లోపు ఉంటే బాగున్నట్టు. ఒకటి బాగా తక్కువ చూపిస్తే అందులో ఒక చెంచా ఇంజన్ ఆయిల్ వేసి మళ్లీ కొట్టండి. రీడింగు పెరిగితే రింగులు అరిగాయి, పెరగకపోతే వాల్వులో హెడ్ గ్యాస్కెట్టో. ఇక్కడ తేడా ఉంటే ట్యూనింగ్ ఆపి ఆ పని చూడండి. టైమింగ్ బెల్టు ఎప్పుడు మార్చారో ఓనరుకి గుర్తులేకపోతే అదీ మార్చెయ్యండి.

తర్వాత వరసగా ఎయిర్ ఫిల్టరు, టాపెట్ సెట్టింగ్ (వాల్వుల దగ్గరి సందు సరిచేయడం), ప్లగ్గుల గ్యాప్ 0.7 నుంచి 0.8 మిల్లీమీటర్లు, పాయింట్లున్న డిస్ట్రిబ్యూటర్ (ప్లగ్గులకి కరెంటు పంచేది) అయితే పాయింట్ గ్యాప్ 0.4 నుంచి 0.5 మిల్లీమీటర్లు, ఆపైన టైమింగ్ లైట్‌తో ఇగ్నిషన్ టైమింగ్ (ప్లగ్గులో నిప్పురవ్వ పడే క్షణం). కార్బొరేటర్ అన్నిటికంటే ఆఖర్న. చాలా షెడ్లలో దీన్ని మొదట పట్టుకుంటారు. స్క్రూడ్రైవరు జేబులోనే ఉంటుంది కదా! పాయింట్లు అరిగి మిస్సింగ్ వస్తుంటే కార్బొరేటర్ తిప్పి దాన్ని కప్పిపుచ్చడం మందు కాదు.

కార్బొరేటర్‌కి గాలి, పెట్రోలు పాళ్లు సరిచేసే మిక్స్చర్ స్క్రూ ఇలా సెట్ చేసుకోండి. బండిని అరగంట నడిపి, రేడియేటర్ ఫ్యాన్ ఒకసారి తిరిగి ఆగేదాకా ఉంచండి. చోక్ పూర్తిగా లోపలికి తోసేయండి. లైట్లు ఆపండి, ఎయిర్ ఫిల్టర్ బిగించే ఉంచండి. స్లో స్పీడుని, అంటే యాక్సిలరేటర్ తొక్కనప్పటి ఇంజను వేగాన్ని, నిమిషానికి 900 చుట్ల (ఆర్పీఎం) దగ్గర నిలబెట్టండి. ఇప్పుడు మిక్స్చర్ స్క్రూని పావు చుట్టు చొప్పున బిగించుకుంటూ వెళ్లండి, ప్రతి పావుకీ కొన్ని సెకన్లు ఆగి ఇంజను మాట వినండి. ఒకచోట తడబడుతుంది. అక్కణ్నుంచి వెనక్కి విప్పుతూ రండి. ఆర్పీఎం పెరుగుతూ పెరుగుతూ ఒకచోట నిలుస్తుంది, ఇంకా విప్పితే మళ్లీ బరువుగా పడిపోతుంది. ఆ నిలిచిన చోటే మీకు కావాల్సింది. స్లో స్పీడుని మళ్లీ 900కి దించి, ఇంకోసారి ఇదే చెయ్యండి. స్క్రూ ఎంత తిప్పినా తేడా రాకపోతే స్లో జెట్ (స్లో స్పీడులో పెట్రోలు వచ్చే సన్నటి రంధ్రం) మూసుకుపోయింది, లేదా కార్బొరేటర్ కింద గ్యాస్కెట్ దగ్గర గాలి లాగుతోంది.

చెవిని పూర్తిగా నమ్మలేకపోతే పెట్రోల్ బంకు పక్కనుండే పొల్యూషన్ సెంటర్‌కి రద్దీ లేనప్పుడు వెళ్లండి. అతన్ని అడిగి, మిషను పైపు సైలెన్సర్లో ఉండగానే స్క్రూని కొంచెం కొంచెం తిప్పుతూ సీఓ (కార్బన్ మోనాక్సైడ్) అంకె చూడండి. భారత్ స్టేజ్ కాలుష్య ప్రమాణాలు రాకముందు తయారైన కార్లకి పరిమితి 3 శాతం. దాని కంటే బాగా కిందికి వచ్చి, స్లో స్పీడు వణక్కుండా ఉంటే సెట్టింగు కుదిరినట్టే. సర్టిఫికెట్టూ చేతికొస్తుంది.

ఇప్పుడు పెట్రోలు. మల్కాపురంలో 1957 నుంచీ రిఫైనరీ ఉన్న ఊరు మనది, అయినా బంకులో మనకూ వచ్చేది ఈ20యే, అంటే 20 శాతం ఎథనాల్ కలిపిన పెట్రోలే. పెట్రోలు కాలడానికి బరువులో 14.7 వంతుల గాలి కావాలి, ఎథనాల్‌కి 9 వంతులు చాలు. అంటే పాత జెట్లతోనే ఈ20 కాల్చితే మిశ్రమం ఏడెనిమిది శాతం పల్చనవుతుంది. లాగేటప్పుడు ఇంజను ఊపిరాడనట్టు తడబడితే, వేడి ఎక్కువైతే, మెయిన్ జెట్ (బండి లాగేటప్పుడు పెట్రోలు వచ్చే రంధ్రం) ఒక సైజు పెంచి చూడండి. ఇంకో సంగతి, ఎథనాల్ పాత రబ్బరుని మెత్తబరుస్తుంది, తేమనీ లాగుతుంది. ఎథనాల్ తట్టుకునే ఫ్యూయల్ హోస్‌లు వేయించండి. పంపు డయాఫ్రం, కార్బొరేటర్ కిట్ కొత్తవి వేయించండి. బండిని నెలల తరబడి సగం ట్యాంకుతో నిలబెట్టకండి. ఇంజను దగ్గర పెట్రోలు వాసన వస్తే ఆ రోజు బండి కదలకూడదు.

సెట్టింగు అంతా సముద్రమట్టం దగ్గరే, అంటే ఊళ్లోనే చేయించండి. అరకు దారిలో గాలికొండ దగ్గర ఎత్తు సుమారు 1,300 మీటర్లు, గాలి ఇక్కడి కంటే దాదాపు 12 శాతం పల్చన. అక్కడ కార్బొరేటర్ బండి కాస్త బరువుగా లాగుతుంది, ప్లగ్గులు కొంచెం నల్లబడతాయి. ఫర్వాలేదు. అరకులో ఎవరో స్క్రూ తిప్పి "ఇప్పుడు చూడండి సార్" అంటే ఒప్పుకోకండి. అక్కడ కుదిరిన సెట్టింగుతో కిందికి దిగితే మిశ్రమం పల్చనై ఇంజను వేడెక్కుతుంది, వాల్వులకి ముప్పు. ప్లగ్గు రంగు చూడాలంటే ఆనందపురం వైపు హైవేలో ఒకే వేగంతో పోయి, స్లో స్పీడులో ఉంచకుండా వెంటనే ఇంజను ఆపి, చల్లారాక విప్పండి. లేత గోధుమ రంగుంటే సరిపోయింది. మసి ఉంటే పెట్రోలు ఎక్కువ, తెల్లగా పొక్కినట్టుంటే తక్కువ.

7. టైర్లు పెంచేముందు ఒక లెక్క

కంపెనీ సైజు 145/70 ఆర్12. టైరు ఎత్తు లెక్క కడితే 508 మిల్లీమీటర్లు. అందరూ వేయించే 155/65 ఆర్13 ఎత్తు 532. అంటే 4.7 శాతం పెద్దది. మీటర్లో 60 చూపిస్తున్నప్పుడు మీరు దాదాపు 63లో పోతున్నారు, ఘాట్‌లో లాగే శక్తీ అంతే తగ్గుతుంది. కష్టపడి ట్యూనింగ్‌తో తెచ్చుకున్నది టైర్లకి ధారపోసినట్టు. పాత సైజులోనే మంచి కొత్త టైర్లు వేయించి, అలైన్‌మెంట్ చేయించండి. చూడ్డానికి చిన్నగానే ఉంటాయి, ఒప్పుకుంటాను.

8. బండి తయారయ్యాక

రాత్రిపూట బీచ్ రోడ్డులో పందేలకి మాత్రం పోకండి. అనుమతి లేని రేసింగుకి సెక్షన్ 189 కింద మొదటిసారి మూడు నెలల దాకా జైలు, 5,000 దాకా జరిమానా, లేదా రెండూ. రెండోసారికి జైలు ఏడాది దాకా, జరిమానా 10,000 దాకా పోతుంది. అక్కడ పొద్దున్నే నడకకి వచ్చే పెద్దవాళ్ల సంగతి వేరే చెప్పాలా?

నిజంగా ట్రాక్ మీద నేర్చుకోవాలనుంటే చెన్నై దగ్గర ఇరుంగాట్టుకోట్టై, కోయంబత్తూరులో కరి మోటార్ స్పీడ్‌వే ఉన్నాయి. పోటీలకి మన దేశంలో ఎఫ్ఎంఎస్‌సీఐ (మోటార్ స్పోర్ట్స్ జాతీయ సమాఖ్య) లైసెన్సు ఉండాలి. రేసుకి రోల్ కేజ్ (బండి పల్టీ కొట్టినా కాపాడే ఇనుప పంజరం), హార్నెస్ (రేసు సీటు బెల్టు), హెల్మెట్ అన్నీ వాళ్ల ప్రమాణాల ప్రకారం కావాలి. అలాంటి బండి రోడ్డు మీద తిరగడానికి పనికిరాదు, కాబట్టి మీ 800ని అందుకోసం కోయకండి.

ఈ బండికి సరిగ్గా సరిపోయేది టీఎస్‌డీ (టైమ్, స్పీడ్, డిస్టెన్స్) ర్యాలీ. అందులో వేగానికి మార్కుల్లేవు. ఇచ్చిన సగటు వేగాన్ని పట్టుకుని చెక్‌పాయింట్‌కి సరైన సెకనుకి చేరాలి. ముందొచ్చినా పెనాల్టీయే, ఆలస్యమైనా పెనాల్టీయే. పక్క సీట్లో లెక్కలొచ్చిన వ్యక్తి కావాలి. ఆదివారం తెల్లవారుజామున భీమిలి రోడ్డులో ప్రాక్టీసు చేసుకోవచ్చు. ముందు కిలోమీటరు రాళ్లతో మీ ఓడోమీటర్ సరిచూసుకోండి. పది కిలోమీటర్లకి అది 9.6 చూపిస్తే, చూపించిన ప్రతి అంకెనీ 1.042తో గుణించాలి. గంటకి సగటు 36 కిలోమీటర్లు అంటే కిలోమీటరుకి 100 సెకన్లు, 40 అంటే 90, 45 అంటే 80. ఈ పట్టికని అట్టముక్క మీద రాసి డాష్‌బోర్డుకి అంటించండి. పక్కనున్నవాళ్లు ప్రతి కిలోమీటరుకీ "మూడు సెకన్లు ముందున్నాం", "రెండు వెనకున్నాం" అని చెబుతుంటే మీరు యాక్సిలరేటర్‌ని వెంట్రుకవాసి సర్దుతుండాలి. కొన్ని పోటీల్లో ఫోన్ జీపీఎస్ ఒప్పుకోరు, పేరు ఇచ్చేటప్పుడే కనుక్కోండి.